మూడు రోజుల సీనియరు

నీటి మీటర్ల ఆఫీసు రెండో అంతస్తులో, వరండాకి ఒక చివర ఒక గది ఉంది. దానికి తలుపు ఉంది, ఏసీ ఉంది, కిటికీ మాత్రం లేదు. మండుటెండల్లో కూడా ఆ గదిలో స్వెట్టరు తొడుక్కుని కూర్చునే మనిషిని ఆఫీసంతా వైరక్క అంటారు. ఆమెకి అసలు పేరు లేక కాదు. ఉంది, రికార్డుల్లో అచ్చు తప్పులు లేకుండా ఉంది. కానీ ఎవరి కంప్యూటరు మూలన పడ్డా, ఎవరి ప్రింటరు మొరాయించినా, "వైరక్కని పిలవండి" అనడం ఎంతగా అలవాటైపోయిందంటే, ఒకసారి ఆవిడ అసలు పేరుతో ఉత్తరం వస్తే "అలాంటివాళ్ళు ఇక్కడ లేరు" అని తిప్పి పంపేశారు.

ఆ గదిలో ఆమెతోపాటు ఉండేది సర్వరు. నల్లటి ఇనప పెట్టె, ముందు ఆరు పచ్చ దీపాలు, వెనక రెండు ప్లగ్గులు. ఊళ్ళో ఎవరి మీటరు తప్పు తిరిగినా ఫిర్యాదు ముందు దాని దగ్గరికే వస్తుంది. ఆఫీసులో ఎవరికి ఏ కాగితం కావాలన్నా దాన్నే అడుగుతారు. సర్వరు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే వైరక్క ఒకటే చెప్పేది: "అందరూ అడుగుతుంటారు, అది ఇస్తూ ఉంటుంది, తనకి కావలసింది మాత్రం అడగదు." ఈ మాట విన్న ఆమె అత్తగారు, "అయితే అది ఆడదే," అని తేల్చేశారు.

పాత సర్వరు కాలిపోయాక దీన్ని కొన్నారు కాబట్టి దీని పేరు సర్వరు-2. దీన్ని తెచ్చిన కంపెనీవాళ్ళు ఒక శుక్రవారం స్విచ్చి వేసి వెళ్ళిపోయారు. తరవాతి సోమవారం వైరక్క ఉద్యోగంలో చేరింది. ఆ శుక్రవారం వెలిగిన దీపాలు మళ్ళీ ఆరలేదు. పైకప్పు కారి మోకాటి లోతు నీళ్ళు నిలిచినప్పుడు బల్ల మీద బల్ల వేసి దాన్ని ఎక్కించింది. ట్రాన్స్‌ఫార్మరు పేలినప్పుడు జనరేటరు పెట్టించింది. ఎలుక వైరు కొరికితే ఎలుకను తిడుతూనే పక్క వైరు తగిలించింది. రోజూ పొద్దున రాగానే ఒక చిన్న ఆదేశం టైపు చేస్తే, ఆగకుండా ఎన్ని రోజులనుంచి నడుస్తోందో అది లెక్క చెప్పేది. ఈ కథ మొదలైన రోజున ఆ లెక్క మూడువేల రెండువందల యాభై ఆరు. కొంతమందికి పిల్లల ర్యాంకులు, కొంతమందికి నగలు. వైరక్కకి ఆ అంకె.

ఆమెకి లోటు ఒక్కటే. ఎండ. తొమ్మిదేళ్ళుగా పొద్దున తొమ్మిదికి లోపలికి వెళ్ళి సాయంత్రం ఆరుకి బయటికి వచ్చే మనిషికి ఎండెక్కడిది? వేళ్ళ కీళ్ళు పట్టేసేవి. బయట వాన పడిందో లేదో వచ్చేవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకునేది. తన గది గోడకి ఒక చిన్న కిటికీ పెట్టించమని విభాగాధిపతికి తొమ్మిదిసార్లు అర్జీ పెట్టుకుంది. ఏ విభాగంలోనైనా గోడకి కంత పెట్టాలన్నా, ఉన్న కంత పూడ్చాలన్నా ఆ విభాగాధిపతి సంతకం ఉండాలి, అది రూలు. ఆ విభాగాధిపతి ఒక నిదానపు మనిషి. ఆయన్ని అందరూ తరవాతచూద్దాంగారు అనేవారు. తొమ్మిది అర్జీల మీదా ఆయన ఆ మాటే రాసి, చివరికి పదవీ విరమణ చేశారు.

వరండా రెండో చివర ఉన్న ఆయన గదికి మాత్రం కిటికీ ఉంది. చిన్నాచితకా కిటికీ కాదు. గోడ సగం అదే. పొద్దున పదకొండు నుంచి మూడు దాకా ఎండ బల్ల మీదికి వచ్చి కూర్చునేది. ఆయన దానికి వీపు పెట్టి కునుకు తీసేవారు. ఇప్పుడా కుర్చీ ఖాళీ. సీనియారిటీ ప్రకారం తరవాతి మనిషి వైరక్కే. పైగా ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడు ఆమెకి యాభై ఆరు దాటుతాయి, ఆ తరవాత ఎవరికీ పదవి పెంచకూడదని మరో రూలు.

"జీతం పెరుగుతుందా అమ్మాయ్?" అని అత్తగారు అడిగారు ఆ సాయంత్రం, బల్ల మీద పళ్ళేలు పెడుతూ.

"ఏమో అత్తయ్యా, అడగలేదు."

"మరి కారిస్తారా?"

"ఇవ్వరు."

"ఇంకెందుకే ఆ కుర్చీ మీద అంత మోజు?"

"కుర్చీ వాళ్ళే ఉంచుకోమనండి. నాకు కిటికీ కావాలి."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని చూశారు. వేళ్ళు ఫ్రిజ్జులోంచి తీసినట్టున్నాయి. ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు కూర్చున్నారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద సీనియారిటీ జాబితా అంటించారు. వైరక్క పేరు రెండోది. మొదటి వరుసలో ఇలా ఉంది: "సర్వరు-2. ఉద్యోగి సంఖ్య 4471. తండ్రి పేరు: వర్తించదు."

వైరక్క రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోయి, ఎవరు చేసిన పనో గుర్తొచ్చి తల పట్టుకుంది. ఎవరో ఎందుకు చేస్తారు, తనే. తొమ్మిదేళ్ళ కిందట, డిస్కు నిండుతున్నా వేడెక్కుతున్నా సర్వరు తనంతట తాను మెయిలు పంపేలా దానికొక మెయిలు పెట్టె ఏర్పాటు చేసింది. దానికి ఫారం నింపాలి. ఫారం నింపాలంటే ఉద్యోగి సంఖ్య ఉండాలి, చేరిన తేదీ ఉండాలి, తండ్రి పేరు ఉండాలి. లేకపోతే ఆ ఫారం ముందుకి కదలదు. సంఖ్య కోసం సిబ్బంది విభాగానికి రాస్తే ఎందుకని అడక్కుండా ఇచ్చేశారు. చేరిన తేదీ దగ్గర, స్విచ్చి వేసిన శుక్రవారం రాసింది. నిజాయితీ ఎంత పని చేస్తుందో చూడండి. ఏ మంగళవారమో రాసి ఉంటే ఈ కథే లేదు.

ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు దగ్గరికి పరుగెత్తింది. ఆయన్ని రూల్సు తాతయ్య అంటారు. వయసు మరీ ఎక్కువేం కాదుగానీ, రూల్సు పుస్తకం చంకలో లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

"సార్, మొదటి పేరు మనిషి కాదండీ."

"ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వండమ్మా."

"ఆరోపణ కాదండీ, అది పెట్టె! నా గదిలో ఉంటుందే, నల్లటి పెట్టె!"

రూల్సు తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. "సంఖ్య ఉందా? ఉంది. చేరిన తేదీ ఉందా? ఉంది. మీకంటే మూడు రోజులు ముందు. తొమ్మిదేళ్ళలో ఒక్క సెలవు పెట్టారా? లేదు. మీరు మీ అత్తగారి తుంటి ఆపరేషనుకి పదకొండు రోజులు పెట్టారు. తప్పనడం లేదు, రాసుందని చెప్తున్నాను. మనిషై ఉండాలని రూల్లో ఎక్కడుందో చూపించండి, నేనే కొట్టేస్తాను."

ఆమె పుస్తకం తిరగేసింది. ఉద్యోగి ఇద్దరు భార్యలతో ఉండకూడదని ఉంది, విధి నిర్వహణలో పాడకూడదని ఉంది. మనిషై ఉండాలని ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఆ అనుమానం వచ్చి ఉండదు పాపం.

"స్థిర నివాసం?" అని అడిగారాయన, కాగితాల్లో ఖాళీ చూసి.

"ఐపీ అడ్రసుంది," అంది వైరక్క నీరసంగా.

"అంటే?"

"నెట్‌వర్కులో దాని ఇంటి నంబరు. మిగతా కంప్యూటర్లకి మారుతూ ఉంటుంది. దీనికి మాత్రం మారకూడదని ఒకటే ఇచ్చాను."

"తొమ్మిదేళ్ళుగా ఒకే అడ్రసా!" ఆయన ముచ్చటపడి రాసుకున్నారు. "మా టైపిస్టు ఏడాదిలో మూడిళ్ళు మారాడు. సరే, హాజరు పరీక్ష ఒకటి చెయ్యాలి. పిలిస్తే పలుకుతారా?"

ఆమెకి అబద్ధమాడడం చేతకాదు. ఆయన కంప్యూటర్లోంచే పింగ్ కొట్టి చూపించింది. పింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. "ఉన్నావా?" అని అడగడం, "ఉన్నాను" అని అటునుంచి జవాబు రావడం. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ రెప్ప వేసేలోగా జవాబొచ్చింది. రూల్సు తాతయ్య కళ్ళు చెమర్చాయి. "ఈ ఆఫీసులో ఒక్క పిలుపుకి పలికిన ఉద్యోగిని ముప్పై ఏళ్ళలో ఇప్పుడే చూస్తున్నానమ్మా," అన్నారు.

డైరెక్టరుగారి దగ్గర మరీ అన్యాయం. ఆయన ఆమె మాట పూర్తి కానివ్వలేదు. "సర్వరు-2 గారా? నాకు బాగా తెలుసు. ఏ వేళ మెయిలు పంపినా తక్షణం జవాబిస్తారు. మీరెవరైనా అలా ఇచ్చారా ఏనాడైనా?"

ఆ జవాబు కూడా వైరక్క చేతి పనే. ఫిర్యాదు పంపినవాళ్ళు కంగారుపడకుండా, వచ్చిన ప్రతి మెయిలుకీ సర్వరు దానంతటదే నాలుగు ముక్కలు పంపేలా పెట్టింది: "మీ ఉత్తరం అందింది. పరిశీలనలో ఉంది. దయచేసి మళ్ళీ పంపవద్దు. పంపితే వరుస చివరికి వెళ్తారు." డైరెక్టరుగారికి ఇందులో పాలనాదక్షత కనిపించింది. "ఎంత క్లుప్తంగా ఉంటారు! ఎంత నిక్కచ్చి! ఒకటో తారీఖున చార్జి తీసుకుంటారు. మీరే దగ్గరుండి వారి గదిలోకి తీసుకురండి," అన్నారు.

ఆర్డరు వచ్చేసింది. వైరక్కకి కోపం రాలేదంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, "మూడు రోజులకే ఇంత ఫోజా?" అని పెట్టెని అడిగింది. పెట్టె ఆరు దీపాలూ మిటకరించింది. ఆమె వెంటనే నొచ్చుకుంది. దాని తప్పేముంది? తన పని తాను చేసుకుపోయింది. తనూ అంతే.

ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు రూల్సు తాతయ్య ఆమె గదికి వచ్చి, చలికి వణుకుతూ, గొంతు తగ్గించి చెప్పారు. "అమ్మా, ఒక రూలు మీ చెవిన వేద్దామని. పద్నాలుగో రూలు. సేవలో ఒక్క నిమిషం తెగినా సీనియారిటీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి. ఇది ఆ చివరికి వెళ్ళాలి. వెళ్ళాలంటే ప్లగ్గు పీకాలి. పీకితే..." ఆయన గుమ్మం వైపు తిరిగారు. "నేనేమీ చెప్పలేదు. రూలు చదివాను, అంతే."

ఆయన వెళ్ళాక వైరక్క ప్లగ్గు వైపు చూసింది. ఇంత సులువా? ఒక్క నిమిషం. ప్లగ్గు పీకి, పెట్టె మోసుకెళ్ళి, మళ్ళీ పెడితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కుర్చీ తనది, కిటికీ తనది, పదకొండు నుంచి మూడు దాకా ఎండ తనది. ఎవరూ తప్పు పట్టరు. నిజానికి అందరూ అలాగే తరలిస్తారు.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది.

"పీకెయ్యి," అన్నారావిడ ఏ మాత్రం ఆలోచించకుండా.

"అలాగే అత్తయ్యా."

"మరి మొహం అలా పెట్టావేం?"

"ఏమీ లేదు."

అత్తగారు కాసేపు చూసి, "పీకకుండా మొయ్యొచ్చా దాన్ని?" అని అడిగారు.

"మొయ్యొచ్చు. దానికి రెండు ప్లగ్గులు, రెండు నెట్‌వర్కు తాళ్ళు. ఒకటి పీకినా రెండోదాని మీద నడుస్తుంది. చక్రాల బల్ల మీద యూపీఎస్ పెట్టుకుంటే ఇరవై నిమిషాలు బ్యాటరీ ఇస్తుంది."

"అంటే ఎలా మొయ్యాలో అప్పుడే లెక్కేసుకున్నావన్నమాట," అన్నారు అత్తగారు.

ఒకటో తారీఖు పొద్దున పదకొండింటికి ఆమె ప్లగ్గు మీద చెయ్యి వేసింది. వెయ్యగానే తెరమీద చూసింది. అలవాటు, చూడకుండా ఉండలేదు. మూడువేల రెండువందల ఎనభై ఎనిమిది రోజులు. ఆ నిమిషాన రెండువందల పన్నెండు మంది ఫిర్యాదులు రాస్తున్నారు. అందులో ఎవరో పెద్దావిడ, ఇంట్లో నీళ్ళే రాకపోతే మీటరెలా తిరుగుతోందని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఇరవై నిమిషాల నుంచి కొడుతోంది. సగంలో ఉంది. ఇప్పుడు ఆపితే ఆవిడ మళ్ళీ మొదటినుంచి కొట్టాలి.

"ఛీ, నా చేత్తో నేనా!" అనుకుంది వైరక్క. ఒక ప్లగ్గు మాత్రమే పీకి చక్రాల బల్ల మీది యూపీఎస్‌కి తగిలించింది. దీపాలు ఆరలేదు. అప్పుడు రెండోది తీసింది. వరండా పొడుగునా పరిచి ఉంచిన కొత్త నెట్‌వర్కు తాడు కొస తెచ్చి ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చి, అటువైపు పలుకుతోందని చూసుకుని, పాత తాడు ఊడదీసింది. అంటే ముందురోజే తాడు పరిచేసింది. తనని తాను ఎంత మభ్యపెట్టుకున్నా తాడు కొలత అబద్ధం చెప్పదు.

వరండా అరవై రెండు అడుగుల పొడవు. సర్వరు లోపల డిస్కులు గిర్రున తిరుగుతుంటాయి, గట్టిగా కుదిపితే పాడవుతాయి. అందుకని గడపల దగ్గర పాత ఫైళ్ళు పరిపించింది. ఎలక్ట్రీషియను ముందు లాగుతున్నాడు. వైరక్క వెనక నెడుతోంది. టైపిస్టు తాడు చక్రాల కింద పడకుండా పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. సిబ్బందంతా పని మానేసి గుమ్మాల్లో నిలబడ్డారు. కొందరు లేచి నిలబడ్డది కొత్త విభాగాధిపతికి గౌరవంగానట. ఒకాయన నమస్కారం కూడా పెట్టాడు. సెలవు ఫైలు ఆయనదే పెండింగులో ఉంది మరి.

అంతా సవ్యంగా సాగేదే. సరిగ్గా సగం దూరంలో డైరెక్టరుగారు పూలగుత్తి పట్టుకుని ఎదురొచ్చారు.

"ఆపండి, ఆపండి. రెండు మాటలు చెప్పాలి," అన్నారు.

పూలగుత్తి సర్వరు మీద పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. రెండు మాటలు అన్నవాళ్ళెవరూ రెండుతో ఆపిన దాఖలా లేదు. విధేయత గురించి చెప్పారు. క్రమశిక్షణ గురించి చెప్పారు. తాను కుర్రతనంలో ఏ చిన్న ఉద్యోగంతో మొదలై ఇంతవారయ్యారో చెప్పారు. "సర్వరు-2 గారు ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. పైకి కనిపించాలని ఆరాటపడలేదు," అంటుండగా యూపీఎస్ కుయ్‌మంది. ఇంకా ఆరు నిమిషాలుందని అర్థం. డైరెక్టరుగారు చలించిపోయారు. "చూశారా, వారికి కూడా ఏడుపొస్తోంది, ఆనందంతో!" అని మళ్ళీ అందుకున్నారు.

కుయ్. ఐదు నిమిషాలు.

అప్పుడు అర్థమైంది వైరక్కకి, ఇంతకంటే మంచి అవకాశం ఎవరికీ రాదని. ప్లగ్గు పీకనక్కర్లేదు. తన చెయ్యి పడక్కర్లేదు. మర్యాదగా చేతులు కట్టుకుని, తల వంచుకుని, పై అధికారి ప్రసంగం వింటూ నిలబడితే చాలు. బ్యాటరీ అదే అయిపోతుంది. పాపం డైరెక్టరుగారిది. కిటికీ తనది.

కుయ్. నాలుగు. "ఈ సందర్భంలో మా నాన్నగారు చెప్పిన ఒక సంఘటన..." అంటున్నారాయన.

ఆమె రూల్సు తాతయ్య వైపు చూసింది. ఆయన పద్నాలుగో రూలు దగ్గర వేలు పెట్టి పుస్తకం పట్టుకుని ఉన్నారు. ఎలక్ట్రీషియను ఆమె వైపు చూశాడు. వైరక్కకి ఏడుపొచ్చింది. ఎండ కావాలి ఆమెకి, నిజంగా కావాలి, ఒళ్ళంతా కావాలని అడుగుతోంది. మూడు. ఆ పెద్దావిడ ఫిర్యాదు పూర్తయిందో లేదో.

కుయ్ కుయ్. రెండు.

"నోరు మూసుకోండి సార్!" అని అరిచింది వైరక్క.

తొమ్మిదేళ్ళలో ఆమె గొంతు ఆ స్థాయిలో ఎవరూ వినలేదు. డైరెక్టరుగారు మాట మధ్యలో నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. నోరు మూసుకోమంటే తెరుచుకుని ఉండిపోవడం ఆయన చేసిన తొలి ధిక్కారం. వైరక్క పూలగుత్తి తీసి ఆయన చేతిలో పెట్టి, "లాగు!" అంది ఎలక్ట్రీషియనుతో. ముప్పై ఒక్క అడుగులు. గడప మీది ఫైళ్ళు చెదిరాయి. యూపీఎస్ ఆపకుండా ఏడుస్తోంది. గదిలోకి దూరగానే ఆమె మోకాళ్ళ మీద పడి, గోడ సాకెట్లో ప్లగ్గు గుచ్చింది. మరుక్షణం యూపీఎస్ కిక్కురుమనకుండా చచ్చిపోయింది.

ఆరు దీపాలూ పచ్చగానే ఉన్నాయి.

ఆమె నేల మీదే కూర్చుని తెర చూసుకుంది. మూడువేల రెండువందల ఎనభై ఎనిమిది రోజుల రెండు గంటల నలభై నిమిషాలు. పెద్దావిడ ఫిర్యాదు చేరింది. చివర్లో "ధన్యవాదాలు నాయనా" అని కూడా కొట్టింది. వైరక్క నవ్వింది, ఆ వెంటనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఎండ ఆమె వీపు మీద పడుతోంది. ఆమె లేచి, కిటికీకి అడ్డుగా నిలబడి, "ఎండ తగలకూడదు దీనికి, వేడెక్కుతుంది. ఏసీ ఇక్కడికి తెండి," అంది.

ఆ మధ్యాహ్నమే ఆ అందమైన కిటికీకి చెక్కలు కొట్టేశారు. మధ్యలో ఏసీ పట్టేంత చోటు వదిలి అందులో ఏసీ బిగించారు. చెక్క కొట్టడం వడ్రంగం పని, ఏసీ మార్చడం ఫిట్టింగు పని. రెండూ గోడ పని కావు కాబట్టి సంతకాలు అక్కర్లేదని రూల్సు తాతయ్య చెప్పారు. తరవాత ఆయన రిజిస్టరు తెచ్చి, పింగ్ కొట్టించి, "ఉన్నాను" అన్న జవాబు పక్కన టిక్కు పెట్టి, సర్వరు-2 గారు చార్జి తీసుకున్నట్టు రాశారు.

డైరెక్టరుగారికి నోరు మూతపడ్డాక మాట కూడా తిరిగొచ్చింది. "ఆవిడ మీద చర్య తీసుకోవాలి! ఈ రోజే!"

"తప్పకుండా సార్," అన్నారు రూల్సు తాతయ్య. "విభాగంలో ఉద్యోగి మీద చర్య అంటే విభాగాధిపతి సంతకం చెయ్యాలి. మీరు వారికి రాయండి."

డైరెక్టరుగారు అక్కడే ఫోను తీసి ఆవేశంగా మెయిలు కొట్టారు. రెప్పపాటులో జవాబొచ్చింది. చదువుకుని ఆయన కొంచెం మెత్తబడ్డారు. "పరిశీలనలో ఉందట. చూశారా, సొంత మనుషుల విషయమైనా ఎంత నిష్పక్షపాతమో," అన్నారు. ఆ తరవాత ఇంకోసారి పంపడానికి ధైర్యం చెయ్యలేదు. పంపితే వరుస చివరికి వెళ్తారు కదా.

వైరక్క తన గదికి తిరిగొచ్చింది. సర్వరు పోయినా మిగతా వైర్లన్నీ కలిసే స్విచ్చిపెట్టెలు అక్కడే ఉన్నాయి, వాటిని చూసుకునేది ఆమే. కిటికీ పోయింది, కుర్చీ పోయింది. తొమ్మిదేళ్ళ తోడు కూడా ఆ చివరికి పోయింది. ఇంక మిగిలింది ఈ చీకటి గదీ, స్వెట్టరూ అనుకుంటూ తలుపు తీసింది.

గది చీకటిగా లేదు.

ఏసీ ఉన్నచోట గోడలో మూరెడు వెడల్పు చదరపు కంత ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇనప డబ్బా వెనక ఉన్నది బయటి ప్రపంచమేనని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. కంతలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు, ఒక నీళ్ళ ట్యాంకు, చెయ్యంత ఆకాశం కనిపిస్తున్నాయి. నేల మీద ఎండ పడి ఉంది. ఆమె నెమ్మదిగా వెళ్ళి అందులో చెయ్యి పెట్టింది. తరవాత బల్ల లాక్కొచ్చింది.

మర్నాడు పదింటికి ఇటుకలు, సిమెంటు తట్ట పట్టుకుని తాపీమేస్త్రీ వచ్చాడు. "కంత పూడ్చమన్నారమ్మా. డైరెక్టరుగారి ఆర్డరు."

వైరక్క తలెత్తకుండానే అడిగింది. "విభాగాధిపతిగారి సంతకం ఉందా?"

"ఆయన సంతకం ఎందుకమ్మా? చిన్న కంత."

"పెట్టాలన్నా పూడ్చాలన్నా ఉండాలి నాయనా. నేను తొమ్మిదేళ్ళు అడిగాను ఆ సంతకం కోసం, నాకు తెలుసు. ఉండు, నీ ఎదురుగానే రాస్తాను." ఆమె చాలా మర్యాదగా మెయిలు రాసి పంపింది. టింగుమని జవాబొచ్చింది. తెర అతని వైపు తిప్పింది.

మేస్త్రీ వేలు పెట్టి చదివాడు. "పరిశీలనలో ఉందంట. మరి నన్నెప్పుడు రమ్మంటారు?"

"ఆయనే పిలుస్తారు."

"తొందరగా చేస్తారా ఆయన?"

"ఆగకుండా పనిచేస్తారు. ఒక్కరోజు సెలవు పెట్టిన మనిషి కాదు," అంది వైరక్క.

మేస్త్రీ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె స్వెట్టరు విప్పి మేకుకి తగిలించింది. పదకొండు కొట్టగానే ఎండ కిందినుంచి పాకుతూ బల్ల ఎక్కింది. ఆమె ఇంటికి ఫోను చేసింది.

"ఏమైందే?" అన్నారు అత్తగారు కంగారుగా. ఆఫీసు వేళ కోడలు ఫోను చెయ్యడం తుంటి ఆపరేషను తరవాత మళ్ళీ ఇదే.

"ఏమీ కాలేదు అత్తయ్యా. ఎండ."

"ఎంత పడుతోంది?"

"కీబోర్డు సగం దాకా వచ్చింది."

"మరి వానొస్తే ఏం చేస్తావు?"

వైరక్క ఆలోచించింది. తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"బల్ల పక్కకి జరుపుకుంటాను," అంది.